‘చేద్దాం అక్కా’ అన్నాక అసలు పని: హైదరాబాద్ ర్యాపర్‌ను మైక్ ముందు కూర్చోబెట్టడం ఎలా

“హా అక్కా, పక్కా చేద్దాం.”

నా ఫోన్‌లో ఇలాంటి మెసేజ్‌లు నలభైకి పైనే ఉంటాయి. అలా అన్నవాళ్లలో నిజంగా మైక్ ముందు కూర్చున్నది పదిహేడు మంది.

నేను పగలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తాను. ఆదివారాలు, సెలవు రోజులు మన ఊరి ర్యాపర్లతో మాట్లాడి, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాను. ఆరేళ్లుగా ఇదే. ఈ మధ్య కాలేజీ పిల్లలు కొందరు “అక్కా, మేమూ మొదలుపెడతాం, ఆర్టిస్టులు దొరకడం లేదు” అని అడుగుతున్నారు. దొరకడం కష్టమేమీ కాదు. ఇన్‌స్టాలో రెండు నిమిషాల్లో దొరుకుతారు, చాలామంది సరే అని కూడా అంటారు. ఆ సరేకి, ఎదురెదురుగా కూర్చునే రోజుకి మధ్య ఉన్న దూరమే కష్టం. నాకు తెలిసినంతలో ఆ దూరం ఎలా దాటాలో రాస్తున్నాను.

ముందు వాళ్ల వైపు నుంచి చూడండి

మన దగ్గర ర్యాప్ చేసేవాళ్లలో ఎక్కువమందికి పాట మీద ఇల్లు గడవదు. నేను కలిసినవాళ్లలో ఒకతనిది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. ఒకతను బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఒకమ్మాయి బీటెక్ చివరి ఏడాది. ఇంకొకతను బేగంబజార్‌లో వాళ్ల నాన్న స్టీలు సామాన్ల కొట్లో కూర్చుంటాడు. నైట్ షిఫ్ట్ మనిషిని పొద్దున పదకొండింటికి రమ్మంటే మొహమాటానికి సరే అంటాడు, ఆ టైమ్‌కి గాఢనిద్రలో ఉంటాడు. దాన్ని పొగరనుకుని మెసేజ్‌లో నిష్ఠూరాలాడితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. కాబట్టి తేదీ అడిగే ముందు “పగలు ఏం చేస్తుంటారు?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం చిక్కు విడిపోతుంది.

రెండోది డబ్బు. “మీ ఇంటర్వ్యూ వేస్తాం, ప్యాకేజీ ఇంత” అంటూ చిన్న ఆర్టిస్టులకు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అందుకని ఇంటర్వ్యూ అనే మాట కనబడగానే వెనకాల బిల్లు వస్తుందని అనుమానిస్తారు. నాకు దీనికి తిరగేసి జరిగింది. మూడేళ్ల కిందట ఒక పేరున్న ఆర్టిస్టుకు మేనేజర్నని చెప్పుకున్న మనిషి, స్లాట్ ఖాయం చేయడానికి ఐదు వేలు అడిగాడు. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు. పంపాను. మర్నాటి నుంచి ఆ నంబర్ పని చేయలేదు. ఆ ఆర్టిస్టుకు అసలు అలాంటి మేనేజరే లేడని ఆరు నెలల తర్వాత తెలిసింది. చాలా ఏడ్చాను. అప్పటి నుంచి మొదటి మెసేజ్‌లోనే రాసేస్తున్నాను: డబ్బులు ఇవ్వను, తీసుకోను. మీరూ రాయండి. అవతలివాళ్లకు ప్రాణం కుదుటపడుతుంది.

మూడోది భయం. రెండు గంటలు మనసు విప్పి మాట్లాడితే, అందులో ఎవరినో ఒక మాట అన్న ఇరవై సెకన్లు కత్తిరించి, ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ తగిలించి పెట్టేవాళ్లున్నారు. ఒకసారి అలా కాలినవాళ్లు మనల్ని కూడా అదే కంటితో చూస్తారు. మీ పాత వీడియోల థంబ్‌నెయిల్సే ఇక్కడ మీ తరఫున మాట్లాడాలి. మొదటి ఇంటర్వ్యూనే పెద్ద ఆర్టిస్టుతో మొదలుపెట్టకండి. పేరు లేనివాళ్లతో నాలుగు మంచివి చేసి పెట్టుకోండి. అవి చూసి వచ్చేవాళ్లే గట్టిగా నిలబడతారు.

ఎవరి ద్వారా వెళ్లాలి

యూట్యూబ్‌లో పాట కింద వివరాలు తెరిచి చదవండి. అక్కడ ప్రొడ్యూసర్, మిక్స్, కెమెరా, ఎడిట్ అని పేర్లు ఉంటాయి. హిప్ హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే సినిమాల్లోలా డబ్బు పెట్టే మనిషి కాదు, బీట్, అంటే ర్యాప్ వెనక మోగే సంగీతం, తయారు చేసేవాడు. ర్యాపర్‌కి రోజుకు వంద మెసేజ్‌లు వస్తే బీట్ చేసినవాడికి రెండు వస్తాయి. “మీ బీట్‌లో డప్పు మధ్యలో ఆగిపోయి మళ్లీ అందుకునే చోటు బాగుంది” అని అతనికి రాస్తే సంతోషంగా జవాబిస్తాడు, ఎందుకంటే అతని పని గురించి ఎవరూ అడగరు. నా పదిహేడు మందిలో తొమ్మిది మంది ఇలా వచ్చినవాళ్లే. అయితే బీట్ మేకర్‌ను మెట్టులా వాడుకోకండి. అతనితోనూ ఇంటర్వ్యూ చేయండి. నేను చేసిన వాటిలో నాకు బాగా నచ్చిన రెండు వాళ్లవే.

ర్యాప్ హిప్ హాప్‌లో ఒక భాగం మాత్రమేనని కూడా గుర్తుంచుకోండి. డీజేలు, బీ-బాయ్‌లు అనే బ్రేక్ డ్యాన్సర్లు, గోడల మీద గ్రాఫిటీ వేసేవాళ్లు అందరూ ఆ ఇంటివాళ్లే. వాళ్లను పలకరిస్తే ర్యాపర్ల దగ్గరికి దారి దానంతటదే పడుతుంది.

సినిమా పాటలు, టీవీ షోల దాకా వెళ్లినవాళ్ల సంగతి వేరు. రోల్ రైడా 2018లో బిగ్ బాస్ తెలుగు రెండో సీజన్‌కి, నోయెల్ 2020లో నాలుగో సీజన్‌కి వెళ్లాక మన ఇళ్లల్లో అమ్మలకు, అత్తలకు కూడా ర్యాపర్ అంటే ఎవరో తెలిసింది. ఆ స్థాయి మనిషి కావాలంటే వాళ్ల ప్రొఫైల్‌లో ఇచ్చిన బిజినెస్ మెయిల్‌కే రాయాలి. సినిమా ప్రమోషన్ రోజుల్లో ప్రచారం చూసుకునే పీఆర్ వాళ్లు పదిహేను నిమిషాల స్లాట్ ఇస్తారు. మీ ముందు పది కెమెరాలు, వెనక పది కెమెరాలు ఉంటాయి. ఆ పదిహేను నిమిషాల కోసం పడే తంటాలకంటే మల్కాజ్‌గిరిలో మూడు పాటలు చేసిన పిల్లాడితో గడిపే రెండు గంటలు మేలని నా గట్టి నమ్మకం.

ఎప్పుడు

2015 జూలై నుంచి ప్రపంచంలో చాలా దేశాల్లో కొత్త పాటలకు శుక్రవారమే విడుదల రోజు. మన పిల్లలూ ఎక్కువగా శుక్రవారమే వదులుతారు. స్పాటిఫైలో అయితే పాటను కనీసం ఏడు రోజుల ముందు ఎడిటర్లకు పంపాలి, అలా పంపితే ఫాలోవర్లకు కొత్త పాటలు వినిపించే రిలీజ్ రాడార్ అనే ప్లేలిస్టులోకి దానంతటదే వెళ్తుంది. అంటే విడుదలకు ముందు రెండు వారాలు ఆర్టిస్టు కవర్ ఆర్ట్, మాస్టర్ (పాట ఆఖరి మెరుగు), వీడియో కటింగ్‌ల మధ్య నలిగిపోతుంటాడు. విడుదలైన వారం కామెంట్లు చూసుకుంటూ ఉంటాడు. ఈ మూడు వారాలూ అడగకండి. విడుదలైన పదో రోజు నుంచి నెల దాకా మంచి కాలం. హడావుడి తగ్గి, ఎవరైనా పాట గురించి లోతుగా అడిగితే బాగుండనిపించే రోజులవి.

వినాయక నవరాత్రులు, డిసెంబర్ ఆఖరి వారం, కాలేజీ ఫెస్టుల సీజన్ షోల కాలం. వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చే రోజులు, మధ్యలో మనం అడ్డుపడకూడదు. పాతబస్తీలో దక్కనీలో ర్యాప్ చేసేవాళ్లను రంజాన్ నెలలో మధ్యాహ్నం కూర్చోబెట్టకండి. రాత్రి తరావీ నమాజు అయ్యాక పదిన్నరకి వెళ్తే ఊరంతా మేలుకునే ఉంటుంది, మనిషీ హుషారుగా ఉంటాడు.

మొదటి మెసేజ్

వారసిగూడలో ఉండే ఒక కుర్రాడికి నేను పంపిన మెసేజ్ ఇది. వివరాలు కొంచెం మార్చాను.

“నమస్తే అండీ. నేను ఆదివారాలు మన ఊరి ర్యాపర్లతో గంటసేపు మాట్లాడి యూట్యూబ్‌లో పెడతాను, కింద రెండు లింకులు ఉన్నాయి. మార్చిలో వచ్చిన మీ పాటలో నల్లా నీళ్ల చరణం నాకు పదే పదే గుర్తొస్తోంది. అక్కడ లైన్ల మొదట్లో రెండో అక్షరం కలిపారు. అది ఎలా వచ్చిందో మీ నోటితో వినాలని ఉంది. గంట చాలు, నేనే మీ దగ్గరికి వస్తాను. డబ్బులు ఇవ్వను, తీసుకోను. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి గానీ, వచ్చే బుధవారం రాత్రి తొమ్మిదింటికి గానీ వీలవుతుందా? కుదరకపోతే కుదరదని ఒక్క మాట పెట్టండి, ఏమీ అనుకోను.”

ఇందులో రెండు సమయాలు ఇవ్వడం నేను క్లినిక్‌లో నేర్చుకున్నది. “ఎప్పుడు వస్తారు?” అని అడిగితే పేషెంట్ “చూసి చెప్తా” అంటాడు, పన్ను ఊడేదాకా రాడు. “మంగళవారం నాలుగింటికా, గురువారం ఆరింటికా?” అంటే ఒకటి ఎంచుకుంటాడు. ర్యాపర్లకూ అంతే. వయసులో చిన్నవాడే అయినా మొదటి మెసేజ్‌లో ‘మీరు’ అనే రాయండి. అతను ‘అక్కా’ అన్నాక ‘తమ్ముడూ’ అనొచ్చు. “హాయ్ బ్రో, బిగ్ ఫ్యాన్” అని మాత్రం మొదలుపెట్టకండి. అది ఏ పాటా వినని మనిషి కూడా రాయగలడు, ఆ సంగతి వాళ్లకు తెలుసు.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒకసారి, తర్వాతి పాట వచ్చాక ఇంకోసారి. మూడోసారి వద్దు.

సరే అన్నాక ముందురోజు సాయంత్రం ఫోన్ చేయండి, మెసేజ్ సరిపోదు. “రేపు ఆరింటికి, మీ ఇంటి పక్క సందులో బండి పెట్టొచ్చా?” లాంటి పని ఉన్న ప్రశ్న అడగండి. అలా అడిగితే అవతలివాళ్లకు రేపటి సాయంత్రం కళ్ల ముందు కనబడుతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకున్నాక నాకు ఎగ్గొట్టేవాళ్లు బాగా తగ్గారు. అంతకుముందు బంజారాహిల్స్‌లో కార్యక్రమాలు జరిగే లామకాన్ అనే చోట ఒక ఆదివారం రెండున్నర గంటలు కూర్చున్నాను. రెండు చాయ్‌లు, ఒక సమోసా అయిపోయాయి. అవతల ఫోన్ స్విచ్ఛాఫ్. మర్నాడు తెలిసింది, వాళ్ల తాతకు బాగోలేక అతను రాత్రికి రాత్రే నల్లగొండ బస్సెక్కాడని. నేను మంచి మాటే రాశాను, “ముందు తాతయ్యను చూసుకోండి” అని. నాలుగు నెలల తర్వాత అతనే ఫోన్ చేసి పిలిచాడు.

అమ్మాయిలతో ఇంటర్వ్యూ అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చోటు, సమయం పూర్తిగా ఆమెకే వదిలేయండి, తోడు ఎవరినైనా తెచ్చుకోమని మీరే చెప్పండి. “ఇంట్లో ఒప్పుకున్నారా?” అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న ఆమెను ప్రతివాళ్లూ అడిగే ఉంటారు, ఆమె రాసిన లైన్ల గురించి అడిగినవాళ్లే తక్కువ.

విని వెళ్లడం

అన్నిటికంటే ఎక్కువ సమయం నేను దీనికే పెడతాను. ఒక గంట ఇంటర్వ్యూకి కనీసం ఐదారు గంటలు. పాటలన్నీ విని, నచ్చిన లైన్లు చేత్తో కాగితం మీద రాసుకుంటాను. స్క్రీన్‌షాట్ తీస్తే కన్ను జారిపోతుంది, చేత్తో రాస్తే అక్షరం ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది.

కొంచెం చరిత్ర కూడా తెలిసి ఉండాలి. కొందరు మిమ్మల్ని పరీక్షిస్తారు, అది వాళ్ల హక్కు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింద గదిలో జరిగిన పార్టీని హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలను రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డు ప్లేయర్ల) మీద మార్చి మార్చి వేస్తూ, డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కను సాగదీశాడు. ఆ పార్టీ పెట్టింది మాత్రం ఆయన తోబుట్టువు సిండీ క్యాంప్‌బెల్, స్కూలు తెరిచే ముందు కొత్త బట్టలకు డబ్బు పోగు చేసుకుందామని. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. మన గల్లీల్లో కూడా మైక్ కొనడానికి చీటీ డబ్బులిచ్చిన అక్కలు ఉన్నారు, వాళ్ల గురించి అడగండి.

ఇక ఆ వారసిగూడ కుర్రాడి సంగతి. మే నెల, రెండో అంతస్తులో చిన్న గది. గోడలకు పాత బొంతలు మేకులతో కొట్టి ఉన్నాయి, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రెండూ శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా చేసుకున్న ఏర్పాట్లే. మైక్ కోసం ఫ్యాన్ ఆపేశాం. ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. మొదటి నలభై నిమిషాలు అతను అంతకుముందు ఇంకెక్కడో చెప్పిన జవాబులే చెప్పాడు. కష్టపడ్డాను అక్కా, సపోర్ట్ కావాలె అక్కా, ఇంకా మంచి పాటలు వస్తయ్ అక్కా. నేను కాగితం తీసి అతని రెండు లైన్లు చదివాను:

గల్లీ చివర నల్లా కాడ వరుసల నిలబడ్డ బిందె
తెల్లారేదాక అమ్మ కండ్లల్ల నీళ్లే నిండె

“చివర బిందె, నిండె కలపడం అందరూ చేస్తారు. మొదట్లో గల్లీ, తెల్లారే. రెండో అక్షరం ల్ల, ల్ల. పద్యంలో ప్రాస ఉండే చోటు ఇది. కావాలని రాశారా?”

అతను మాట్లాడలేదు. లేచి మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. అందులోంచి పదో తరగతి తెలుగు నోట్‌బుక్ తీశాడు. అట్ట ఊడిపోయి ఉంది. ఒక పేజీలో కంద పద్యం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా.

“మా తెలుగు సార్ గీసిండు అక్కా. ఆటవెలదికి ప్రాస లేకున్నా నడుస్తది, కందానికి నడవదు అనేటోడు. తప్పు రాస్తే కొట్టకపోతుండె, లేచి పాడమంటుండె. తప్పయితే చెవికి తెలుస్తదిరా అనేటోడు. నేను ఇప్పటికీ రాసినంక గట్టిగ పాడి చూస్తా. ఈ ముచ్చట ఇంతవరకు ఎవ్వళ్లూ అడగలే.”

ఆ తర్వాత గంటన్నర మాట్లాడాడు. మధ్యలో వంటింట్లో కుక్కర్ మూడుసార్లు కూసింది. ఆ కూతలు వీడియోలో అలాగే ఉంచాను.

ప్రశ్నలు ఎన్ని రాసుకున్నా, ఇలాంటిది ఒకటైనా ఉండాలి. అతని పనిలోంచి పుట్టింది, ఇంకే ఆర్టిస్టుకీ పనికిరానిది. ఆ ప్రశ్న దొరికేదాకా నేను తేదీ ఖాయం చేసుకోను. మొదటి మెసేజ్‌లో దాని జాడ కొంచెం చూపిస్తాను, ఎందుకంటే వాళ్లు ఆగి జవాబిచ్చేది దానికే.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. “ఒక ఫ్రీస్టైల్ వేయ్ తమ్ముడూ” అని, అంటే అప్పటికప్పుడు అల్లి ర్యాప్ చేయమని, ఉన్నట్టుండి అనకండి. ఇంటికి చుట్టాలు వస్తే పిల్లాణ్ని పిలిచి పద్యం చెప్పమన్నట్టు ఉంటుంది. కావాలంటే రెండు రోజుల ముందే చెప్పండి. “బిగ్ బాస్‌కి ఎప్పుడు వెళ్తారు?” కూడా వద్దు. ఎవరితోనైనా గొడవ ఉంటే దాని మీద ఎంత మాట్లాడతాడో మైక్ పెట్టకముందే అడిగి, ఆ గీత దాటకండి.

చోటు, మైక్, మాట

ఇరానీ హోటల్లో కలవండి, రికార్డు మాత్రం చేయకండి. కప్పులు, సాసర్ల చప్పుడు గొంతు మీద పడుతుంది. వాళ్ల ఇంటి గదిలోనో, వాళ్లు పాట రికార్డు చేసుకునే చోటో అన్నిటికంటే మంచిది. అక్కడ వాళ్లు బెదరరు. రికార్డర్‌లో శబ్దం లెవెల్ మైనస్ పన్నెండు డెసిబెల్స్ దగ్గర పెట్టుకోండి, మాట్లాడుతూ మాట్లాడుతూ గట్టిగా లైన్ అందుకుంటే గొంతు పగలకుండా ఉంటుంది. రికార్డర్‌తో పాటు ఫోన్‌లో కూడా రికార్డింగ్ పెట్టండి, ఏరోప్లేన్ మోడ్ మర్చిపోకండి.

మొదలుపెట్టే ముందు నేను మూడు మాటలు చెప్పి, అవి కూడా రికార్డు చేస్తాను. అక్కర్లేదన్న ముక్క ఆ రోజు రాత్రి లోపు చెబితే తీసేస్తాను. పేర్లు, తేదీలు సరిచూడమని పంపుతాను. మిగతా ఎడిటింగ్ నాదే. ఇది ముందే చెప్పుకోకపోతే చివర్లో మేనేజరో స్నేహితుడో వచ్చి మొత్తం వీడియోను తమకు నచ్చినట్టు మార్చమంటారు, అక్కడ మాటామాటా పెరుగుతుంది.

పాట ముక్క వాడుకోవడం విషయంలో కూడా జాగ్రత్త. ఆర్టిస్టు నోటితో “వాడుకో అక్కా” అన్నా, పాటను యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్ దాన్ని కంటెంట్ ఐడీలో, అంటే పాట ఎక్కడ వాడినా పట్టేసే యూట్యూబ్ ఏర్పాటులో, పెట్టి ఉంటే మీ వీడియో మీద క్లెయిమ్ (ఈ పాట మాదన్న హక్కు) పడుతుంది. బీట్ లీజుకి తీసుకున్నదైతే అది చేసినవాళ్ల వైపు నుంచీ చిక్కు రావచ్చు. అందుకని బీట్ లేకుండా నాలుగు లైన్లు అక్కడికక్కడే చెప్పించుకుంటాను. గొంతు ఒక్కటే వినబడితే మాటలు ఇంకా బాగా తెలుస్తాయి కూడా.

వీడియో అందరికీ కనబడేలా పెట్టే ముందు లింకు వాళ్లకు పంపండి, థంబ్‌నెయిల్‌తో సహా. నేను పంపిన సాయంత్రం వారసిగూడ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అతను కాదు, వాళ్లమ్మ. “బిడ్డా, ఆ కుక్కర్ సప్పుడు తీసెయ్యరాదు, నాకు సిగ్గయితుంది” అంది. ఉంచనియ్యమ్మా అని ఐదు నిమిషాలు బతిమాలుకున్నాను. చివరికి నవ్వి సరే అంది.

ఇంకొకటి. రికార్డింగ్ ఆపాక వైర్లు చుట్టుకుంటూ, “తర్వాత నేను ఎవర్ని కలవాలి తమ్ముడూ?” అని అడగండి. ఆ రోజు అతను ఇద్దరి పేర్లు చెప్పి, నా ముందే ఒకరికి ఫోన్ చేశాడు. కాచిగూడలో ఉండే అమ్మాయి, ఫార్మసీ చదువుతోంది. ఆమె పాటలు ఏడు ఉన్నాయి, నేను ఇప్పటికి నాలుగు విన్నాను. ఆదివారం సాయంత్రం ఆరింటికి రమ్మంది.